లోపల ఎంత మిగిలింది?

"షుగర్ లేదు. పడుకునే ముందు నీళ్లు కూడా తాగను. అయినా రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తోంది. తీరా వెళ్తే కాసింతే వస్తుంది. కిడ్నీలు పాడయ్యాయా?" అరవై దాటిన మగవాళ్లు అడిగే ప్రశ్నల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది. కిడ్నీల మీద అనుమానం రావడం సహజమే. కానీ చాలాసార్లు వాటి తప్పేమీ ఉండదు. చిక్కంతా కింద మూత్రం నిలిచే సంచీలో, అంటే మూత్రాశయంలో, దాని మూతి దగ్గర.

ప్రోస్టేట్ గురించి ఈపాటికి అందరూ వినే ఉంటారు. మూత్రాశయం మూతి దగ్గర నాళం చుట్టూ ఉంగరంలా ఉండే గ్రంథి అది. వయసులో ఉన్నప్పుడు 20 గ్రాములు, యాభై దాటాక పెరుగుతుంది. ఆ పెరుగుదల కేన్సర్ కాదు. అంతవరకు చాలు, ఇక లెక్కలోకి వద్దాం.

మూత్రాశయంలో 400 మిల్లీలీటర్లు పడతాయనుకుందాం. నిద్రలో కిడ్నీలు గంటకు 60 మి.లీ. తయారుచేస్తున్నాయనుకుందాం. పూర్తిగా ఖాళీ చేసి పడుకున్నవాడికి అది నిండడానికి ఆరున్నర గంటల పైనే పడుతుంది. తెల్లారిపోతుంది. ఇప్పుడు దారి ఇరుకై, వెళ్లొచ్చాక కూడా లోపల 200 మిగిలిందనుకోండి. ఉన్న చోటు 200, మూడు గంటల ఇరవై నిమిషాలకు నిండుతుంది. 280 మిగిలితే చోటు 120, అంటే రెండు గంటలు. పదింటికి పడుకున్నవాడు పన్నెండుకీ, రెండుకీ, నాలుగుకీ, ఆరుకీ లేస్తాడు. లేచినప్పుడల్లా వచ్చేది ఆ 120 మాత్రమే. ఎక్కువసార్లు వెళ్లడం, తక్కువ తక్కువగా రావడం, రెండూ ఒక్క భాగహారంలోంచే వచ్చాయి. కిడ్నీలు ఒక్క చుక్క కూడా అదనంగా తయారుచేయలేదు.

పాత నీళ్లు పారబోయకుండా కుళాయి కింద పెట్టిన బిందె ఇది. బిందె పెద్దదే, ధార సన్నదే, అయినా చూస్తుండగానే పొర్లుతుంది. పైగా అడుగున నిలవ ఉన్న నీళ్లకు పాచి పడుతుంది. మామూలుగా మూత్రాశయం రోజుకు ఆరేడుసార్లు తనను తాను కడుక్కుంటుంది, దారిన వచ్చిన బాక్టీరియా కొట్టుకుపోతాయి. 200 మిగిలిందంటే పెరుగు గిన్నె కడక్కుండానే కొత్త పాలు పోసినట్టు, అడుగున తోడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మందులతో తగ్గి, నెల తిరిగేసరికి మళ్లీ వచ్చే మూత్ర ఇన్‌ఫెక్షన్ మగవాళ్లలో కనిపిస్తే ముందుగా వెతకాల్సింది ఈ నిలవనే. మూత్రాశయంలో రాళ్లు కట్టడానికీ ఇదే మూలం.

మరి నిలవ ఎందుకు ఉంటుంది? దారి ఇరుకైతే మూత్రాశయం కండరం ఎక్కువ బలంతో నెట్టాలి. మొదట్లో కసరత్తు చేసిన చేయిలా మందమవుతుంది. లోపలి గోడ మీద కండరపు పోగులు తాళ్లలా తేలతాయి. వాటి మధ్య బలహీనమైన చోట గోడ బయటికి సంచుల్లా ఉబ్బుతుంది. ఏళ్ల తరబడి నెట్టి నెట్టి ఆ కండరం అలిసిపోయాక మిగులు పెరుగుతుంది. అందుకే స్కానింగ్ రిపోర్టులో ప్రోస్టేట్ బరువు చూసి బెంబేలెత్తడం గానీ, సంబరపడడం గానీ అనవసరం. 70 గ్రాములున్నా హాయిగా వెళ్లేవాళ్లు ఉన్నారు. 30 గ్రాములే ఉన్నా, గ్రంథి మధ్య భాగం మూత్రాశయంలోకి పొడుచుకొచ్చి, నెట్టినప్పుడల్లా మూతలా అడ్డం పడితే మొత్తం ఆగిపోవచ్చు.

అయితే రాత్రి లేచే ప్రతివాడికీ ప్రోస్టేటే కారణమనుకోవడం రెండో పొరపాటు. దాన్ని తేల్చే పరికరం మామూలు ప్లాస్టిక్ కొలత మగ్గు. మూడు రోజులపాటు, పగలూ రాత్రీ, వెళ్లిన ప్రతిసారీ టైమూ, మి.లీ. రాయండి. ఏం తాగారో, ఎంత తాగారో, ఎప్పుడు పడుకుని ఎప్పుడు లేచారో పక్కనే రాయండి. మూడు రోజులూ వరసగా ఉండక్కర్లేదు. చాలామంది తప్పేది ఒక్కచోటే: పడుకోబోయే ముందు పోసింది పగటి లెక్కలోకి వస్తుంది, పొద్దున లేవగానే పోసింది రాత్రి లెక్కలోకి వస్తుంది. అది రాత్రి తయారైందే కదా.

ఇద్దరి కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటాయన 24 గంటల్లో 1,500 మి.లీ. పోశాడు. రాత్రివి 110, 120, 100, పొద్దున 120, మొత్తం 450, అంటే 30 శాతం. ఇక్కడ తేడా సంచీలోనే ఉంది: సరిగా ఖాళీ కావడం లేదు, లేదా నిండకుండానే తొందరపెడుతోంది. రెండో ఆయన మొత్తం 1,800. రాత్రివి 300, 280, పొద్దున 320, అంటే 900, సరిగ్గా సగం. అరవై ఐదు దాటినవాళ్లలో రాత్రి వాటా మూడో వంతు మించితే తయారీయే రాత్రికి మారిందని అర్థం. ఈయనకు ప్రోస్టేట్ మాత్ర ఇచ్చి లాభం లేదు, కాళ్లు చూడాలి. పగలంతా కాళ్లలో దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి కిడ్నీలకు చేరుతుంది. సాయంత్రం గంటసేపు కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని, రాత్రి భోజనంలో ఉప్పూ పచ్చడీ తగ్గిస్తే తేడా తెలుస్తుంది. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవాళ్లదీ ఇదే వరస: మూసుకుపోయిన గొంతుకు ఎదురుగా గాలి పీల్చినప్పుడు గుండె పై గది సాగుతుంది, ఉప్పునూ నీటినీ బయటికి పంపమని చెప్పే హార్మోన్ విడుదలవుతుంది. కిడ్నీలు ఆ మాట వింటాయి.

మన ఇళ్లలో మూత్రం మండితే "వేడి చేసింది" అని బార్లీ నీళ్లు పట్టిస్తారు. ఎండలో తిరిగి నీళ్లు తాగనివాడి మూత్రం చిక్కబడి మండితే ఆ వైద్యం పనిచేస్తుంది, కారణం నీళ్లే, బార్లీ కాదు. సగం నిలవ ఉన్న పెద్దాయనకు రాత్రి ఎనిమిదింటికి చెంబెడు పట్టిస్తే మాత్రం పైన చెప్పిన భాగహారంలో 60 బదులు 120 వేసుకోవాలి.

వెళ్లొచ్చాక లోపల ఉన్న మిగులును స్కాన్‌తో కొలుస్తారు, రిపోర్టులో దాన్ని పీవీఆర్ అంటారు. 50 మి.లీ. లోపు ఉంటే చింత లేదు. ఇందులో జరిగే తప్పు ఒకటుంది. లీటరు నీళ్లు తాగించి, పగిలిపోతుందనే దాకా ఆపిస్తారు. అంత సాగిన కండరం సరిగా ముడుచుకోదు. పైగా లీటరు తాగినవాడి కిడ్నీలు నిమిషానికి 10 మి.లీ. దాకా పంపగలవు. బాత్రూమ్ నుంచి వచ్చి వరసలో పావుగంట కూర్చుంటే మరో 150 చేరిపోయి, రిపోర్టులో మిగులుగా అచ్చవుతుంది. కాస్త నిండినట్టు అనిపించగానే వెళ్లి, వచ్చిన వెంటనే స్కాన్ చేయించుకోవాలి. అంకె పెద్దదొస్తే ఇంకోరోజు మళ్లీ చూడాలి.

మిగులు తగ్గించుకునే పద్ధతి సులువే. కూర్చుని వెళ్లండి, తొడలూ పొట్టా వదులవుతాయి. అయిపోయాక లేవకుండా నిమిషం ఆగి, ముందుకు వంగి మళ్లీ ప్రయత్నించండి. ముక్కడం వద్దు, అది హెర్నియాకు దారి. బట్ట సర్దుకున్నాక చుక్కలు పడుతుంటే, అవి మూత్రాశయంలోవి కావు, నాళం వంపులో ఆగినవి. వృషణాల సంచీ వెనక వేళ్లతో నొక్కి ముందుకు తోస్తే వచ్చేస్తాయి.

మందుల్లో టామ్సులోసిన్ మూతి దగ్గరి కండరాన్ని వదులు చేస్తుంది, రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. ఈ మందు అతుక్కుని పనిచేసే చోట్లు (గ్రాహకాలు) కంటిపాప కండరంలోనూ ఉంటాయి కాబట్టి, శుక్లాల ఆపరేషన్‌కు ముందు ఇది వాడుతున్నట్టు, మానేసి చాలాకాలమైనా సరే, కంటి డాక్టరుకు చెప్పాలి. ఫినాస్టరైడ్ కథ వేరు. పుట్టుకతోనే ఒక ఎంజైమ్ లేని కొందరు డొమినికన్ రిపబ్లిక్‌లో ఉన్నారని 1974లో బయటపడింది. వాళ్లు పెద్దయినా ప్రోస్టేట్ చిన్నదిగానే ఉండిపోయింది. ఆ ఎంజైమ్‌ను ఆపే మందే 1992లో అమెరికాలో అనుమతి పొందింది. గ్రంథిని కుదించడానికి ఆరు నెలలు తీసుకుంటుంది. ప్రోస్టేట్ కేన్సర్ అనుమానం ఉంటే రక్తంలో చూసే పీఎస్ఏను సగానికి దించుతుంది, కాబట్టి రిపోర్టులోని 3ను 6గా చదవాలి.

జలుబు మాత్రలతో జాగ్రత్త. ఫినైలెఫ్రిన్ మూతిని బిగిస్తుంది, క్లోర్‌ఫెనిరమిన్ నెట్టే కండరాన్ని మెత్తబరుస్తుంది. రెండూ ఒకే మాత్రలో ఉంటాయి. అసలే ఇరుకు దారి ఉన్నవాడు అది మింగి, రాత్రి బస్సులో ఆపుకుని కూర్చుంటే తెల్లారేసరికి చుక్క రాదు. అప్పుడు నాళంలోంచి మూత్రాశయంలోకి పంపే ట్యూబే (కాథెటర్) గతి.

నొప్పి లేకుండా మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించినా, మర్నాడు పోయినా, వెళ్లి చూపించుకోవాల్సిందే. పొగ తాగేవాళ్లయితే మరీను.

పెద్దాయన కొత్తగా రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడంటే డైపర్ కొనే ముందు బొడ్డు కింద చేయి పెట్టి చూడండి. గట్టిగా, గుండ్రంగా తగిలితే బిందె పొర్లుతున్నట్టే. ఏళ్ల మీద నెమ్మదిగా నిండింది కాబట్టి నొప్పి ఉండదు. ఆ ఒత్తిడి పైకి ఎక్కి, ఇన్నాళ్లూ నిర్దోషులుగా ఉన్న కిడ్నీలను ఇప్పుడు నిజంగానే దెబ్బతీస్తుంది. ఆ రోజే స్కాన్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాలి. కాథెటర్ వేశాక కొందరిలో గంటకు 200 మి.లీ. మించి గంటలపాటు పోతూనే ఉంటుంది, ఉప్పూ పొటాషియం కూడా దాంతో పోతాయి. ట్యూబు వేశారు, తేలికపడ్డాడు కదా అని ఆ సాయంత్రమే ఇంటికి తీసుకెళ్తామని పట్టుబట్టకూడదు.