ఊపిరితిత్తికి నెలసరి తేదీతో ఏం పని?

తిరుపతిలో కొండ మీద దర్శనం టికెట్ బుక్ చేసుకోవాలంటే ఇంట్లో ఆడవాళ్లు ముందు చూసుకునేది నెలసరి తేదీ. కుదరకపోతే మెడికల్ షాపులో నోరెథిస్టిరాన్ మాత్రలు తెచ్చుకుని వాయిదా వేసుకుంటారు. ఇంత లెక్కగా చూసుకునే తేదీని, ఆయాసంతో ఛాతీ పట్టుకుని ఆస్పత్రికి వెళ్లినప్పుడు మాత్రం మనమూ చెప్పం, చాలాచోట్ల వాళ్లూ అడగరు. గ్యాస్ అంటారు, తగ్గకపోతే టీబీ అనుమానం, చివరికి ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోయిందని తేలితే ట్యూబు వేసి గాలి తీసి పంపిస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే. అప్పుడు రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రికి పరుగు.

నిజానికి ఇది పాత సంగతే. 1958లోనే అమెరికాలో మౌరర్, ఆయన తోటి డాక్టర్లు ముట్టుతో పాటే పదేపదే ఊపిరితిత్తి ముడుచుకుపోతున్న ఒకామె కేసు రాశారు. కారణం డయాఫ్రం, అంటే పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండరం మీద చేరిన ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయం లోపలి పొర లాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు. 1972లో లిల్లింగ్టన్ బృందం దీనికి కాటమీనియల్ న్యూమోథొరాక్స్, అంటే ముట్టుతో పాటు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం అని పేరు పెట్టింది.

గర్భాశయం పొర అంత పైకి ఎలా పోతుంది? ముట్టు రక్తం కొంత ఫెలోపియన్ ట్యూబుల గుండా వెనక్కి పొట్టలోకి పోతుందని 1920ల్లోనే శాంప్సన్ అనే అమెరికన్ డాక్టర్ చెప్పాడు. పొట్టలో ఉండే ద్రవం కుడిపక్క నుంచి కాలేయం మీదుగా పైకి పోతుంది, దాంతో పాటు ఆ కణాలూ పోయి డయాఫ్రంకు అంటుకుని, నెలనెలా హార్మోన్లకు స్పందించి, చివరికి చిల్లులు పెడతాయని, వాటి గుండా గాలి ఛాతీలోకి చేరుతుందని ఒక వివరణ. ఎక్కువ కేసులు కుడివైపే రావడానికి ఇదే కారణమంటారు. అయితే అందరికీ చిల్లులు కనబడవు కాబట్టి వాదన ఇంకా తెగలేదు.

ఈ జబ్బు సాధారణంగా ముట్టుకు ఒకరోజు ముందు నుంచి, మొదలైన 72 గంటల లోపు వస్తుంది. మరీ అరుదని కొట్టిపారేయడం నాకు నచ్చదు, ఎందుకంటే 2003లో పారిస్ సర్జన్లు ఊపిరితిత్తి పదేపదే ముడుచుకుపోయి ఆపరేషన్‌కు వచ్చిన 32 మంది ఆడవాళ్లను చూస్తే 8 మందికి ఈ ముట్టుతో వచ్చే రకమే అని తేలింది.

కెమెరాతో ఆపరేషన్ చేసి చిల్లులు మూసినా మళ్లీ రావచ్చు. అందుకే ఆ తర్వాత కొన్ని నెలలు ముట్టు ఆపే హార్మోన్ మందులు కూడా ఇస్తారు. వాటిలో మన వాయిదా మాత్రల జాతివీ ఉన్నాయి, కానీ డోసు, ఎన్నాళ్లు వాడాలన్నది డాక్టరే చెప్పాలి, షాపువాడు కాదు.