పాత ఎస్‌ఎంపీఎస్‌తో బెంచ్ సప్లై: ‘షార్ట్ ప్రొటెక్షన్ ఉందిగా’ అనేవాళ్ల కోసం

పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌ని (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) బెంచ్ సప్లైగా, అంటే ప్రయోగాల సర్క్యూట్లకి కరెంటు ఇచ్చే సప్లైగా మార్చుకుని, నెల తిరక్కుండా కాలిన బోర్డు పట్టుకొచ్చేవాళ్లు అడిగేది ఒకటే: "షార్ట్ ప్రొటెక్షన్ ఉందన్నారు కదండీ, మరి ఇదెలా కాలింది?" ప్రొటెక్షన్ ఉన్నమాట నిజమే. అది ఎవరి కోసం ఉందన్న దగ్గరే తేడా కొట్టింది.

అపోహ: షార్ట్ అయితే అదే ఆగిపోతుంది, సర్క్యూట్‌కి ఏం కాదు

ఆ ప్రొటెక్షన్ ఎస్‌ఎంపీఎస్ తనని తాను కాపాడుకోడానికి పెట్టుకున్నది. స్టిక్కర్ చూడండి, 12 వోల్టుల లైనుకి ఎదురుగా 16 అనో 18 అనో ఆంపియర్లు రాసి ఉంటుంది. 18 అంటే 216 వాట్లు. అంతవరకు ఎంత లాగినా దాని లెక్కలో అది మామూలు లోడే. మీరు తిరగేసి పెట్టిన ఐసీ ఒకటి 8 ఆంపియర్లు లాగుతోందనుకోండి. వోల్టేజీ పడదు, కాబట్టి దానికి షార్ట్ కనపడదు. ఏదో కంప్యూటర్ నడుస్తోంది అనుకుని ఇస్తూనే ఉంటుంది. 8 ఆంపియర్లు, 12 వోల్టులు కలిస్తే 96 వాట్లు: 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు నాలుగు ఒకేచోట ఆనించినట్టే. ముందు బ్రెడ్‌బోర్డు జంపర్ వైరు తొడుగు కరుగుతుంది, తర్వాత బోర్డు మీద ట్రాక్ లేస్తుంది. టీఎల్494, కేఏ7500 అనే కంట్రోల్ ఐసీలతో వచ్చిన పాతవాటిలో చాలావాటికి ఒక్కో లైను కరెంటు విడిగా కొలిచే ఏర్పాటే ఉండదు. మొత్తం పవర్ మితిమీరితేనో, వోల్టేజీ బాగా పడిపోతేనో కట్ అవుతుంది.

అసలు బెంచ్ సప్లైలో 200 మిల్లీ ఆంపియర్లకి నాబ్ తిప్పి పెట్టుకుంటాం. తప్పు కనెక్షన్ ఇచ్చినా వోల్టేజీ తగ్గిపోతుంది తప్ప బోర్డు కాలదు. ఆ నాబ్ ఇక్కడ లేదు. మీరే పెట్టుకోవాలి.

అన్నిటికన్నా చవకైనది బండి బల్బు. బ్రేక్ లైటులో వాడే 12 వోల్టుల 21/5 వాట్ల బల్బు, దాని హోల్డరు, ఆటోమొబైల్ స్పేర్స్ షాపులో దొరుకుతాయి. దాన్ని 12 వోల్టుల అవుట్‌పుట్‌కి సిరీస్‌లో పెట్టండి. లోపల రెండు ఫిలమెంట్లున్నాయి కాబట్టి చిన్న సెలెక్టర్ స్విచ్చి పెడితే రెండు లిమిట్లు వస్తాయి. 5 వాట్ల ఫిలమెంటు మీద నేరుగా షార్ట్ చేసినా సుమారు 0.4 ఆంపియర్ల దగ్గర నిలబడుతుంది, 21 వాట్ల దాని మీద సుమారు 1.75. తక్కువ కరెంటు దగ్గర ఫిలమెంటు చల్లగా ఉంటుంది కనక అడ్డు తక్కువ, వోల్టేజీ పెద్దగా తినదు. షార్ట్ అయిందా, బల్బు వెలిగి మరీ చెబుతుంది.

గాజు ఫ్యూజు పెట్టాంగా అంటే, పెట్టండి, మంచిదే. 3 ఆంపియర్ల ఫ్యూజు వైర్లని కాపాడుతుంది. అది తెగేలోపు ఐసీ పోయి ఉంటుంది. పాలీఫ్యూజు (తెగకుండా, వేడెక్కి కరెంటు తగ్గించి, చల్లారాక మళ్లీ మామూలయ్యేది) మరీ నిదానం. 1.1 ఆంపియర్ల రకం 2.2 దాటితే గానీ కదలదు, అప్పుడు కూడా సెకన్లు తీసుకుంటుంది.

కొంచెం ఖర్చు పెట్టగలిగితే ఎక్స్‌ఎల్4015 బక్ మాడ్యూల్ (వోల్టేజీ తగ్గించి ఇచ్చే చిన్న బోర్డు), వోల్టేజీకొకటి, కరెంటుకొకటి రెండు ట్రిమ్ పాట్లు (స్క్రూతో తిప్పే చిన్న నాబ్‌లు) ఉన్నది తీసుకోండి. 12 వోల్టుల లైను ఇన్‌పుట్‌కి ఇచ్చి, లోడు లేకుండా ముందు వోల్టేజీ సెట్ చేయాలి. తర్వాత మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి అవుట్‌పుట్ ప్లస్, మైనస్‌ల మధ్య నేరుగా కలిపి, కరెంటు పాట్ తిప్పి కావలసిన లిమిట్ పెట్టుకోవాలి. 5 ఆంపియర్ల మాడ్యూల్ అని అమ్ముతారు. 3 దాటిస్తే హీట్‌సింకు తప్పదు. ఒక్క మెలిక: ఈ మాడ్యూళ్లలో చాలావాటికి కరెంటు కొలిచే రెసిస్టరు మైనస్ వైపు ఉంటుంది. అంటే ఇన్‌పుట్ మైనస్, అవుట్‌పుట్ మైనస్ ఒకటి కావు. అవుట్‌పుట్ మైనస్‌ని పొరపాటున ఎస్‌ఎంపీఎస్ నల్ల (మైనస్) వైరుతో కలిపితే లిమిట్ పనిచేయదు. యూఎస్‌బీ కేబుల్‌తో బోర్డుని ఎర్త్ ఉన్న కంప్యూటర్‌కి తగిలించినా అంతే, గ్రౌండు అటుగా కలిసిపోతుంది.

అపోహ: రెండు ఎస్‌ఎంపీఎస్‌లు సిరీస్‌లో కలిపితే 24 వోల్టులు

బ్యాటరీలకి చెల్లుతుంది, వీటికి చెల్లదు. నల్ల వైర్లు డబ్బాకి, డబ్బా మూడో పిన్ను ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటాయి. రెండోదాని నల్ల వైరుని మొదటిదాని పసుపు (12 వోల్టుల) వైరుకి కలపడమంటే మొదటిదాన్ని ఎర్త్ మీదుగా షార్ట్ చేయడమే. ఇది తెలిశాక కొందరు ఎర్త్ పిన్నే విరగ్గొడతారు. అది ఇంకా తప్పు. లోపలి ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి డబ్బాకి చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ లేకపోతే డబ్బా మెయిన్స్‌లో సగానికి, దాదాపు 115 వోల్టులకి తేలుతుంది. చెయ్యి ఆనిస్తే జివ్వుమనేది అదే. కరెంటు మిల్లీ ఆంపియర్‌కి లోపే కాబట్టి మనిషికి ఏమీ కాకపోవచ్చు, కంగారు పడకండి. కానీ బెంచి మీదున్న మాస్‌ఫెట్ (ఒకరకం ట్రాన్సిస్టర్) పోవడానికి అది చాలు. పైగా రేపు లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే అదే డబ్బా మీదకి పూర్తి 230 వస్తుంది. మన ఇళ్లలో చాలా సాకెట్లకి మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. ముందు అది చూసుకోండి. 24 కావాలంటే వోల్టేజీ పెంచే బూస్ట్ మాడ్యూల్ పెట్టుకోండి.

అపోహ: ప్లగ్గు తీశాం కదా, ఇక విప్పొచ్చు

పెద్ద కెపాసిటర్ల మీద 325 వోల్టుల వరకు నిలిచి ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) ఉన్నవాటిలో 380 పైనే. ఖాళీ చేయడానికి రెసిస్టర్లుంటాయి గానీ, పాతవాటిలో అవి తెగిపోయి ఉంటే తెలియదు. పది నిమిషాలు ఆగి, డీసీ 600 లేదా 1000 రేంజిలో కొలవండి. మిగిలి ఉంటే 2.2 కిలో ఓమ్స్, 10 వాట్ల సిమెంట్ రెసిస్టరు ఇన్సులేటెడ్ క్లిప్పులతో పది సెకన్లు ఆనించి మళ్లీ కొలవండి. స్క్రూడ్రైవరుతో చిటపటలాడించొద్దు.

అసలు విప్పడం దేనికి? 24 పిన్ల కనెక్టరుకి తగిలించే బ్రేకౌట్ బోర్డులు స్క్రూ టెర్మినల్స్‌తో సహా దొరుకుతున్నాయి. డబ్బా మీదే బనానా సాకెట్లు కావాలంటే మాత్రం లోపలి బోర్డు బయటికి తీశాకే డ్రిల్ చేయండి. రాలిన ఇనుప రజను సోల్డర్ జాయింట్ల మధ్య ఇరుక్కుంటే ప్లగ్గు పెట్టగానే ఢాం.

మిగతావి గబగబా. ఆన్ చేయడానికి ఆకుపచ్చ, నల్ల వైర్లు కలిపితే ఎస్‌ఎంపీఎస్ పోతుందన్నది వట్టి పుకారు. అది 5 వోల్టుల సిగ్నల్, ఏ చిన్న స్విచ్చయినా చాలు. డమ్మీ లోడు (ఊరికే కొంత కరెంటు లాగడానికి పెట్టే రెసిస్టరు) అనవసరం అన్నది సగం నిజం. కొత్త డిజైన్లకి అక్కర్లేదు. పాతవాటిలో 5, 12 వోల్టుల లైన్లని ఒకే ఫీడ్‌బ్యాక్ చూసుకుంటుంది కాబట్టి, ఎరుపు (5 వోల్టుల) వైరు మీద లోడు లేకుండా పసుపు మీద లాగితే 12 కాస్తా 11కి జారుతుంది. ఎరుపు, నలుపు మధ్య 10 ఓమ్స్, 10 వాట్ల సిమెంట్ రెసిస్టరు ఫ్యాన్ గాలి తగిలేచోట పెట్టండి. 12 వోల్టుల లైనుతో లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అవ్వదు, దానికి కనీసం 13.8 కావాలి. వెనక ఎర్ర స్లైడ్ స్విచ్చి ఉంటే 230 మీద పెట్టి టేపు వేయండి. 115లో పెట్టి ప్లగ్గు పెడితే కెపాసిటర్లు పేలతాయి. ఊదా (5 వోల్టుల స్టాండ్‌బై) వైరు, ఆకుపచ్చ వైరు స్విచ్చి ఆపినా బతికే ఉంటుంది, కొస తెరిచి వదిలేయొద్దు.

ఇక "షార్ట్ అయ్యాక మళ్లీ ఆన్ అవ్వడం లేదు, పోయింది" అని పారేసేవాళ్లు. చాలాసార్లు పోదు. ట్రిప్ అయి లాక్ అయి ఉంటుంది. ప్లగ్గు తీసి అరనిమిషం ఆగి పెడితే వస్తుంది. వైర్లు కత్తిరించిన రోజు నుంచీ అసలు ఆన్ అవ్వకపోతే బ్రౌన్ వైరు చూడండి. 3.3 వోల్టుల లైను సరిగ్గా ఉందో లేదో అది చూసుకునే వైరు. కనెక్టర్‌లో ఒకే పిన్నుకి ఆరెంజ్ వైరుతో పాటు ఉంటుంది, కొన్నిటిలో ఆరెంజ్ రంగులోనే సన్నగా ఉంటుంది. కత్తిరించి విడిగా వదిలేసి ఉంటారు. ఆరెంజ్ వైర్లతో కలిపి సోల్డర్ చేయండి.