మరిచిపోవడం నేరమవుతుందా? కారు వెనక సీటు వెనకున్న చరిత్ర

"ఇవాళ మీరు పాపను తీసుకురాలేదు కదండీ."

సాయంత్రం డేకేర్ గుమ్మంలో ఈ మాట విన్న తండ్రి అర్థంకాక ఒక క్షణం అలాగే నిలబడిపోతాడు. పొద్దున పాపను దింపి వెళ్లినట్టే అతనికి గుర్తుంది. మధ్యాహ్నం ఎవరైనా అడిగి ఉంటే, డేకేర్‌లో ఉందనే చెప్పేవాడు. పరుగున కారు దగ్గరికి వచ్చి వెనక తలుపు తీస్తాడు. ఆ సీటుకి చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చునే అతను ఆఫీసు నుంచి ఇక్కడిదాకా డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు.

ఊళ్లు మారతాయి, మనుషులు మారతారు. కార్లలో మరిచిపోయిన పిల్లలు వేడికి చనిపోయిన కేసుల్లో మాత్రం ఈ ఘట్టం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తర్వాత పోలీసులు వస్తారు. ఫోన్ తీసుకుంటారు, వాంగ్మూలం రాసుకుంటారు. అమెరికాలో అక్కడి నుంచి దారి రెండుగా చీలిపోతుంది. ఒక జిల్లాలో ప్రాసిక్యూటర్ "ఈ మనిషికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది" అని ఫైలు మూసేస్తాడు. పక్క జిల్లాలో అచ్చం అలాంటి తండ్రి మీదే నరహత్య కేసు పెడతారు. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. కథ మొదలయ్యేది కోర్టులో కాదు, కారు డ్యాష్‌బోర్డులో.

1990ల మొదట్లో అమెరికాలో చాలామంది చంటిపిల్లలు ముందు సీట్లోనే, అమ్మ పక్కనో నాన్న పక్కనో ప్రయాణించేవాళ్లు. అదే సమయంలో ప్రయాణికుడి వైపు కూడా ఎయిర్‌బ్యాగులు రావడం మొదలైంది. పెద్దవాళ్ల ప్రాణం కాపాడాల్సిన ఆ సంచి, అంత వేగంగా విచ్చుకోవడంతో పిల్లల మెడలు విరిచేసింది. చిన్న చిన్న గుద్దుళ్లకే, బతికి బయటపడాల్సిన ప్రమాదాల్లోనే, ఆ దశాబ్దంలో ఎయిర్‌బ్యాగ్ తగిలి వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. దాంతో ప్రభుత్వం, పిల్లల డాక్టర్లు, కార్ల కంపెనీలు అందరూ ఒకే మాట చెప్పారు: పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టండి, చంటిపిల్లల సీటును వెనక్కి తిప్పి బిగించండి. తల్లిదండ్రులు విన్నారు. ఎయిర్‌బ్యాగ్ మరణాలు దాదాపు ఆగిపోయాయి.

ఆ సలహా సరైనదే, ఇప్పటికీ సరైనదే. కానీ దానివల్ల బిడ్డ డ్రైవర్ కంటికి కనిపించకుండా పోయింది. వెనక్కి తిప్పిన సీటును ముందు నుంచి చూస్తే దాని వీపే కనిపిస్తుంది. అందులో బిడ్డ ఉన్నా, లేకపోయినా ఒకేలా ఉంటుంది. బిడ్డ నిద్రపోతే చప్పుడు కూడా ఉండదు. ఎయిర్‌బ్యాగ్ మరణాలు తగ్గుతూ వచ్చిన ఆ ఏళ్లలోనే, కార్లలో వేడికి చనిపోయే పిల్లల సంఖ్య పెరుగుతూ వచ్చింది.

ఆ సంఖ్యను 1998 నుంచి శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీకి చెందిన వాతావరణ నిపుణుడు జాన్ నల్ లెక్క కడుతూ వచ్చారు. ఇప్పటిదాకా వెయ్యిమందికి పైగా. ఏడాదికి సగటున 37 మంది. 2018లో, 2019లో 50 దాటింది. వీటిలో సగానికి పైగా మరిచిపోయిన కేసులు. పావువంతు, పిల్లలు తమంతట తాము కారెక్కి బయటికి రాలేకపోయినవి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం "ఒక్క నిమిషంలో వచ్చేస్తాలే" అని తెలిసే వదిలివెళ్లినవి. చట్టం గురించి మాట్లాడేటప్పుడు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఇంత గందరగోళం వచ్చిందే అలా కట్టడం వల్ల.

వేడి సంగతి కూడా చెప్పుకోవాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నమైతేనే ప్రమాదం అనుకుంటాం. జాన్ నల్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది వేరు. బయట 22 డిగ్రీలే ఉన్న హాయైన రోజున కూడా, ఎండలో నిలిపిన కారు లోపల గంటలో 40 డిగ్రీలు దాటిపోతుంది. పెరిగే వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరుగుతుంది. అద్దం కాస్త దించి ఉంచినా పెద్దగా తేడా రాదు. పైగా పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికన్నా మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది.

ఇక చట్టం. నేరం రుజువు కావాలంటే చేసిన పని ఒక్కటే చాలదు, ఆ సమయంలో మనసులో ఏముందో కూడా తేలాలి. ఇది చాలా పాత సూత్రం. అమెరికాలో 1962లో తయారైన నమూనా శిక్షాస్మృతి, ఆ "మనసులో ఏముంది" అన్నదాన్ని మెట్లుగా విడగొట్టింది. కావాలని చేయడం, తెలిసి చేయడం, ప్రమాదం ఉందని తెలిసీ లెక్కచేయకపోవడం, చివరి మెట్టు నిర్లక్ష్యం. అంటే మామూలు మనిషికి తట్టాల్సిన ప్రమాదం తట్టకపోవడం. చాలా రాష్ట్రాలు తమ చట్టాల్లో ఈ మెట్లనే ఏదో ఒక రూపంలో తీసుకున్నాయి.

బిడ్డను మరిచిపోయిన తండ్రి ఏ మెట్టు మీద నిలబడ్డాడు? ప్రమాదాన్ని లెక్కచేయలేదు అనాలంటే, బిడ్డ కారులో ఉన్నట్టు అతనికి తెలిసుండాలి. అతనికి తెలిసిందల్లా బిడ్డ డేకేర్‌లో ఉందనే. మరి నిర్లక్ష్యం అందామా? మామూలు మనిషి తన బిడ్డను మరిచిపోతాడా అని జ్యూరీని అడిగితే, జ్యూరీలో ప్రతి ఒక్కరూ "నేనైతే మరిచిపోను" అనే అనుకుంటారు. పొద్దున ఆ తండ్రి కూడా సరిగ్గా అలాగే అనుకుని ఉంటాడు.

2008 జూలైలో వాషింగ్టన్ శివారు హెర్న్‌డన్‌లో జరిగిన కేసు ఈ చిక్కును బాగా చూపిస్తుంది. కొన్ని నెలల కిందటే రష్యా నుంచి దత్తత తెచ్చుకున్న 21 నెలల బాబును తండ్రి డేకేర్‌లో దింపడం మరిచిపోయి నేరుగా ఆఫీసుకి వెళ్లాడు. బాబు పార్కింగ్‌లో దాదాపు తొమ్మిది గంటలు కారులోనే ఉండిపోయాడు. తండ్రి మీద ఉద్దేశపూర్వకం కాని నరహత్య కేసు పెట్టారు. రుజువైతే పదేళ్ల దాకా జైలు. వర్జీనియా చట్టం ప్రకారం దానికి మామూలు పొరపాటు సరిపోదు. మనిషి ప్రాణం అంటే లెక్కలేనంత ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. ఆ డిసెంబరులో జ్యూరీ లేకుండా విచారించిన జడ్జి, ఇక్కడ అది లేదని చెప్పి అతన్ని నిర్దోషిగా వదిలేశారు.

రష్యాలో ఆ తీర్పు మీద కోపం చల్లారలేదు. నాలుగేళ్ల తర్వాత, 2012 డిసెంబరులో, అమెరికన్లు రష్యా పిల్లల్ని దత్తత తీసుకోకుండా నిషేధిస్తూ ఒక చట్టం వచ్చింది. దానికి అసలు కారణం అమెరికా విధించిన ఆంక్షలే. కానీ ఆ చట్టాన్ని జనం ఇప్పటికీ చనిపోయిన ఆ బాబు పేరుతోనే పిలుస్తారు. ఒక పసివాడి చావు రెండు దేశాల పంతానికి గుర్తుగా మిగలడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అన్ని కోర్టులూ ఆ జడ్జిలాగే తీర్పు ఇస్తాయనుకుంటే పొరపాటే. హెర్న్‌డన్ కేసుకు ముందు ఏడాది, అంటే 2007లో, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ మూడువందలకు పైగా కేసుల్ని పరిశీలించింది. దాదాపు సగం కేసుల్లోనే ఎవరి మీదైనా అభియోగాలు పెట్టారు. తల్లిదండ్రులకంటే జీతం తీసుకుని పిల్లల్ని చూసుకునేవాళ్ల మీద కేసులు పెట్టడం చాలా ఎక్కువ. కోర్టుదాకా వెళ్లిన తల్లిదండ్రుల్లో తండ్రులకంటే తల్లులకే జైలు శిక్షలు ఎక్కువ. బిడ్డను గుర్తుంచుకోవడం అమ్మ పనే అని చట్టంలో ఎక్కడా రాసిలేదు. తీర్పుల్లోకి ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో మనందరికీ తెలుసు.

మరిచిపోవడం ఎలా సాధ్యం అన్న ప్రశ్నకి కోర్టుల్లో నిపుణుడిగా సాక్ష్యం చెప్పినవారిలో సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీ శాస్త్రవేత్త డేవిడ్ డైమండ్ ఒకరు. ఆయన చెప్పేది ఇది. రోజూ చేసే పనుల్ని మెదడులో ఒక భాగం అలవాటుగా నడిపించేస్తుంది. "ఇవాళ దారిలో ఆగి పాపను దింపాలి" లాంటి కొత్త పనుల్ని వేరే భాగం గుర్తుపెట్టుకోవాలి. రాత్రంతా నిద్రలేక, టెన్షన్‌లో ఉండి, రోజూ అమ్మ దింపే పాపను ఇవాళ నాన్న దింపాల్సి వచ్చి, దానికి తోడు పాప వెనక నిద్రపోతే, అలవాటుదే పైచేయి అవుతుంది. కారు తిన్నగా ఆఫీసుకి వెళ్లిపోతుంది. దింపేశాను అన్న నమ్మకాన్ని కూడా మెదడే తయారు చేసి పెడుతుంది. కాబట్టే సాయంత్రం ఆ తండ్రి డేకేర్ గుమ్మం ముందు నిలబడతాడు.

ఫోన్ మరిచిపోరు గానీ బిడ్డను మరిచిపోతారా అని చాలామంది కోపంగా అడుగుతారు. ఫోన్ మోగుతుంది, చేతిలో ఉంటుంది, పది నిమిషాలకోసారి చూసుకుంటాం. నిద్రపోయే బిడ్డ పిలవదు. ప్రేమకీ ఈ రకం జ్ఞాపకానికీ సంబంధం ఉంటే బాగుండేది, కానీ లేదు.

అలాగని మరిచిపోయానన్న ప్రతి మాటనూ నమ్మేయాలని కాదు. పోలీసులు విచారించాలి, అది వాళ్ల బాధ్యత. ఆ విచారణ ఎంత కష్టమో 2014 జూన్‌లో జార్జియా రాష్ట్రంలో జరిగిన కేసు చూపించింది. 22 నెలల బాబును తండ్రి ఆఫీసు పార్కింగ్‌లో వదిలేశాడు. కావాలనే చంపాడని ప్రాసిక్యూషన్ వాదించింది. ఆ రోజు అతను వేరే మహిళలతో పంపుకున్న అశ్లీల మెసేజ్‌లను జ్యూరీ ముందు పరిచింది. 2016లో హత్యానేరం రుజువైందన్నారు, పెరోల్ లేని యావజ్జీవం వేశారు. 2022 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ హత్యా తీర్పును కొట్టేసింది. అతను చెడ్డ భర్త అని చూపించే సాక్ష్యం, బిడ్డను చంపాడనడానికి సాక్ష్యం కాదని, అది జ్యూరీ మనసును అన్యాయంగా తిప్పిందని 6-3 మెజారిటీతో చెప్పింది. మరుసటి ఏడాది ప్రాసిక్యూటర్లు హత్య కేసును వదులుకున్నారు. మైనర్ బాలికకు పంపిన అశ్లీల మెసేజ్‌లకు సంబంధించిన వేరే నేరాల శిక్ష పూర్తయ్యాక 2024లో అతను విడుదలయ్యాడు. ఆ తండ్రి మనసులో ఆ పొద్దున ఏముందో పదేళ్ల తర్వాత కూడా కోర్టులు తేల్చలేకపోయాయి.

తెలిసి వదిలేసి వెళ్లడం వేరే కథ. అక్కడ చట్టానికి పని ఉంది, ఉండాలి కూడా. కాలిఫోర్నియా 2001లో తెచ్చిన చట్టం ఆరేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లల్ని ప్రమాదకరమైన పరిస్థితుల్లో కారులో ఒంటరిగా వదిలితే వంద డాలర్ల జరిమానా వేస్తుంది. ఇంజిన్ ఆన్‌లో ఉన్నా, తాళం బండికే ఉన్నా అంతే. మరికొన్ని రాష్ట్రాలు కూడా ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. టెన్నెసీ 2014లో ఇంకో వైపు నుంచి ఆలోచించింది. కారులో చిక్కుకున్న బిడ్డ కోసం దారినపోయేవాళ్లు అద్దం పగలగొడితే వాళ్ల మీద దావా వేయకుండా రక్షణ కల్పించింది. ఇలాంటి చట్టాలు పనికొస్తాయి, ఎందుకంటే తెలిసి చేసేవాడు జరిమానాకి భయపడి ఆగుతాడు. మరిచిపోయేవాడికి భయపడే అవకాశమే రాదు. ఇరవై ఏళ్ల శిక్ష వేస్తామన్నా, గుర్తులేని బిడ్డ గుర్తుకురాదు.

మరి గుర్తుచేసేది ఏది? దీనికి జవాబు చాలాకాలం నుంచీ ఉంది. 2000ల మొదట్లోనే నాసా ఇంజినీర్లు సీటులో బరువు ఉండగా డ్రైవర్ దూరంగా వెళ్తే తాళాల గుత్తిలోంచి అలారం మోగే పరికరం తయారు చేశారు. దాన్ని పెద్దఎత్తున తయారు చేసి అమ్మడానికి కంపెనీలు ముందుకు రాలేదు. జనరల్ మోటార్స్ 2016లో వెనక సీటు రిమైండర్ తెచ్చింది. 2019లో పెద్ద కంపెనీలు 2025 మోడళ్ల నాటికి అలాంటిది పెడతామని తమంతట తాము ఒప్పుకున్నాయి. 2021 నవంబరులో అమెరికా మౌలిక వసతుల చట్టం, దీనిమీద రెండేళ్లలో నిబంధన తేవాలని రవాణా శాఖను ఆదేశించింది. ఆ గడువు నిబంధన లేకుండానే దాటిపోయింది. పైగా ఆ రిమైండర్లలో చాలావాటికి వెనక తలుపు తెరిచారా లేదా అన్నదే తెలుస్తుంది, లోపల బిడ్డ ఉందో లేదో తెలియదు. అందుకే ఇప్పటికీ పిల్లల భద్రత కోసం పనిచేసేవాళ్లు ఎడమకాలి బూటు విప్పి వెనక సీటు దగ్గర పెట్టుకోమని చెబుతున్నారు. ఒంటి బూటుతో ఎవరూ ఆఫీసులోకి నడిచి వెళ్లరు కదా.

ఇటలీ ఇంకాస్త ముందుకెళ్లింది. 2018లో చట్టం చేసి, 2019 నవంబరు నుంచి నాలుగేళ్లలోపు పిల్లల సీటుకి అలారం తప్పనిసరి చేసింది. కొనుక్కోవడానికి 30 యూరోల సాయం కూడా ఇచ్చింది. యూరప్‌లో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2023 నుంచి, లోపల బిడ్డ ఉన్నట్టు పసిగట్టే కార్లకు అదనపు పాయింట్లు ఇస్తోంది.

తూర్పు ఆసియాలో చట్టాన్ని కదిలించింది డేకేర్ బస్సులు. దక్షిణ కొరియాలో 2018 జూలైలో నాలుగేళ్ల పాప డేకేర్ వ్యానులో ఉండిపోయి చనిపోయింది. జపాన్‌లో 2022 సెప్టెంబరులో మకినొహరా అనే ఊళ్లో మూడేళ్ల పాప ఐదు గంటలు బస్సులో చిక్కుకుని చనిపోయింది. ఆ రోజు బస్సు నడిపింది ఆ బడి అధిపతే. ఆయనకు 2024లో ఏడాది నాలుగు నెలల జైలు శిక్ష పడింది. ఈ ఘటనల తర్వాత రెండు దేశాలూ బస్సులనే మార్చేశాయి. చాలా బస్సుల్లో ఇంజిన్ ఆపాక అలారం మోగుతుంది. దాన్ని ఆపే బటన్ డ్రైవర్ దగ్గర ఉండదు, బస్సు చిట్టచివర ఉంటుంది. అలారం ఆపాలంటే డ్రైవర్ లేచి, వరసలన్నీ దాటుకుంటూ, ప్రతి సీటు పక్క నుంచీ నడుస్తూ వెనకదాకా వెళ్లాల్సిందే.