పెట్ స్కానర్ స్ఫటికాలు: సోడియం అయోడైడ్ నుంచి లుటీషియం దాకా

ఒంట్లో రేడియోధార్మిక మందు ఎక్కడెక్కడ చేరిందో చిత్రించే పెట్ స్కానర్ ఖరీదు ఎందుకు అంత ఎక్కువో తెలియాలంటే రోగి చుట్టూ వలయంగా పేర్చిన స్ఫటికాల చరిత్ర తెలియాలి. ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు నుంచి వెలువడిన పాజిట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌తో కలిసి నశించినప్పుడు, 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల రెండు గామా కిరణాలు ఎదురెదురు దిశల్లో దూసుకుపోతాయి. వాటిని అడ్డుకుని చిన్న మెరుపులుగా మార్చడమే స్ఫటికం పని.

1948లో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ వెలుగులోకి తెచ్చిన, థాలియం కలిపిన సోడియం అయోడైడ్ చక్కగా మెరిసేది. కానీ దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.67 గ్రాములు మాత్రమే కావడంతో ఇంత శక్తిగల కిరణాలు చాలావరకు దాన్ని దాటిపోయేవి. పైగా అది గాలిలో తేమను పీల్చుకుని పాడయ్యేది. 1970ల్లో వచ్చిన బిస్మత్ జర్మనేట్ సాంద్రత 7.13. కిరణాలను అది గట్టిగానే ఆపింది గానీ, దాని వెలుగు తక్కువ; ఆ మెరుపు ఆరడానికి 300 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వందకోట్లవ వంతు) పట్టేది.

1980ల చివర్లో, చమురు బావుల లోపలి పొరలను పరీక్షించే సాధనాల కోసం ష్లంబర్జర్ సంస్థలో పరిశోధన చేస్తున్న చార్లెస్ మెల్చర్ సీరియం కలిపిన లుటీషియం ఆర్థోసిలికేట్‌ను కనుగొన్నారు. సాంద్రత 7.4, మెరుపు దాదాపు 40 నానోసెకన్లలోనే ఆరిపోతుంది. రోగుల కోసం వెతకని పదార్థమే రోగులకు ఇంతగా అక్కరకు రావడం ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న విషయం.

ఈ వేగానికి విలువ ఏమిటంటే, కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, రెండు కిరణాలు చేరిన వేళల్లోని తేడాను 200 పికోసెకన్ల (నానోసెకనులో ఐదో వంతు) మేరకు కొలవగలిగితే, అవి పుట్టిన చోటును వాటిని కలిపే గీత మీద, ఆ వ్యవధిలో కాంతి పోయే 6 సెంటీమీటర్లలో సగం, అంటే 3 సెంటీమీటర్ల పరిధిలో గుర్తించవచ్చు. దానివల్ల చిత్రంలో మసక తగ్గుతుంది, లేదా అదే నాణ్యతకు తక్కువ మందు సరిపోతుంది.

చిక్కంతా తయారీలో ఉంది. లుటీషియం అరుదైన మూలకం. ఆ స్ఫటికాన్ని పెంచడానికి ముడిపదార్థాన్ని ఖరీదైన ఇరిడియం మూసల్లో 2,000 డిగ్రీల సెల్సియస్‌కు మించి కరిగించాలి. ఒళ్లంతా ఒకేసారి చూసే, 194 సెంటీమీటర్ల పొడవున్న ఎక్స్‌ప్లోరర్ వంటి స్కానర్‌కు ఆ స్ఫటికాలు మరెన్నో రెట్లు కావాలి.

అందుకే పరిశోధకులు మళ్లీ బిస్మత్ జర్మనేట్ వైపు చూస్తున్నారు. అది సుమారు 1,050 డిగ్రీలకే కరుగుతుంది. గామా కిరణం తాకినప్పుడు దానిలో క్షణమాత్రంలో పుట్టే కొద్దిపాటి చెరెంకోవ్ కాంతిని (ఆ పదార్థంలో కాంతి కంటే వేగంగా ఎలక్ట్రాన్లు దూసుకెళ్లినప్పుడు పుట్టే వెలుగును) నేటి సిలికాన్ గ్రాహకాలు పట్టుకోగలుగుతున్నాయి. నెమ్మదిదని పక్కనబెట్టిన స్ఫటికానికి ఆ తొలి వెలుగే కాలాన్ని కొలిచే గుర్తుగా మారుతోంది.