రెండు ఇళ్ళు, ఒక జంట: ఖర్చుల మీద నేను రోజూ వినే అపోహలు

బెంగళూరులో జంటల డబ్బు లెక్కలు సరిచేసే పని నాది. ఈమధ్య నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నది విడివిడిగా ఉండే తెలుగు జంటలు. ఒకరు ఇక్కడి మారతహళ్ళిలో ఉంటే ఇంకొకరు చెన్నై షోళింగనల్లూరులో. లేదా పెళ్ళి కుదిరి ఇంకా ఈ ఊళ్ళోనే ఒకరు వైట్‌ఫీల్డ్‌లో, ఒకరు జయనగర్‌లో. అందరి టెన్షనూ ఒకటే, ఎవరు ఎంత పెట్టుకోవాలి?

అపోహ: మొగుడూ పెళ్ళాల మధ్య లెక్కలేంటి, పరాయివాళ్ళలా!

తల్లీబిడ్డలైనా నోరూ కడుపూ వేరని మన పెద్దలే అన్నారు. ఒకే ఇంట్లో ఉంటే ఉప్పూ పప్పూ ఎవరు తెచ్చినా ఇద్దరి కళ్ళ ముందే అయిపోతాయి. విడిగా ఉన్నప్పుడు అవతలి ఇంటి ఖర్చు మనకు కనపడదు, కనపడనిది లేనట్టే అనిపిస్తుంది, "నేనే అంతా పెడుతున్నా" అన్న బాధ ఇద్దరిలోనూ మొదలవుతుంది. అందుకే ముందు రెండు ఇళ్ళ ఖర్చూ ఒకే కాగితం మీద రాయించి, ఆ తర్వాతే వాటాల మాట ఎత్తుతాను.

అపోహ: చెరి సగం వేసుకుంటే గొడవే ఉండదు.

గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది. మొన్న ఒక జంట వచ్చింది (అంకెలు కొద్దిగా మార్చి చెబుతున్నా). అతను ఇక్కడ, చేతికి వచ్చేది 1,20,000. ఆమె చెన్నైలో, 60,000. వారాంతాల తిండి, ప్రయాణాలు, ఇంటికి కొనేవి కలిపి నెలకు 24,000 అవుతోంది, చెరో 12,000 వేసుకుంటున్నారు. అతను తన కాగితం మీద అద్దె 32,000, గుంటూరులో అమ్మానాన్నలకు పంపేది 8,000 అని తడుముకోకుండా రాశాడు. ఆమె హాస్టల్‌కు 14,000 రాసి, నెల్లూరులో వాళ్ళ అమ్మకు పంపే 10,000 దగ్గర పెన్ను ఆపింది. అతనేమో "అది తన ఇష్టం కదండీ, ఇందులోకి ఎందుకు" అన్నాడు. చెడ్డవాడు కాదు, నిజంగానే అతనికి అలా తోచింది. కొడుకు పంపితే బాధ్యత, కూతురు పంపితే సరదా ఖర్చు అనుకోవడం మన ఇళ్ళలో ఎంత లోతుగా ఉందో నేను వారం వారం చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఆ రెండు అంకెలూ ఒకే గీత కింద పక్కపక్కనే రాశాను.

తప్పనిసరి ఖర్చులు పోగా అతనికి మిగిలేది 80,000, ఆమెకు 36,000. చెరో 12,000 అంటే ఆమె మిగులులో మూడో వంతు పోతోంది, అతనికి పోయేది 15 శాతమే. అదే మిగులును బట్టి పంచితే అతను సుమారు 16,550, ఆమె 7,450. జీతాన్ని బట్టి పంచమని చాలామంది చెబుతారు, నేను మిగులే చూస్తాను, ఎందుకంటే జీతంలో అద్దె, ఈఎంఐ, కన్నవాళ్ళ మందులు కనపడవు.

అపోహ: ప్రయాణం చేసేవాళ్ళే టికెట్ పెట్టుకోవాలి.

శుక్రవారం ఆఫీసు నుంచి సరాసరి సిల్క్‌బోర్డ్‌కు వెళ్ళి, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బస్సు కోసం బ్యాగుతో గంట నిలబడి, తెల్లారి చెన్నైలో దిగే మనిషి అప్పటికే ఒక రాత్రి నిద్ర ఇచ్చేశాడు. టికెట్ కూడా తన మీదే వేయడం అన్యాయం, అది ఉమ్మడి ఖర్చు. ఇంకో మాట, 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ 120 రోజులకు బదులు 60 రోజుల ముందే మొదలవుతోంది కాబట్టి, రెండు నెలల రాకపోకలు కలిసి కూర్చుని బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లోనో లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్‌లోనో ముందే బుక్ చేసుకోండి. ఆఖరి నిమిషంలో ప్లాన్ మార్చి ప్రైవేటు బస్సుకు పండగ రేటు కట్టాల్సి వస్తే, ఆ పైన పడ్డది మార్చినవాళ్ళదే.

అపోహ: వారాంతాల్లో మన ఇంటికి వచ్చి ఉంటున్నారు కాబట్టి అద్దెలో సగం ఇవ్వాలి.

వాళ్ళు రాకపోయినా ఆ అద్దె మీరు కట్టేవారే కదా! రావడం వల్ల పెరిగిందే పంచుకోవాలి. జయనగర్ అమ్మాయి ఒకరు చిన్న నోట్‌బుక్ తెచ్చి చూపించింది: 14.2 కిలోల సిలిండర్ ఇదివరకు రెండు నెలలు వచ్చేది, ఇప్పుడు నెలన్నరకే అయిపోతోంది, 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు వారానికి రెండు నుంచి నాలుగు అయ్యాయి, పనమ్మాయికి ఆదివారం అంట్లకు వేరే డబ్బు. ఆమెకు కాబోయే భర్త వచ్చినప్పుడల్లా స్వీట్లు, పళ్ళు తెస్తాడు, తన వంతు అయిపోయిందనే అనుకున్నాడు పాపం, ఆ పేజీ చూసేదాకా. అయితే ఇద్దరి కోసమని సింగిల్ బెడ్‌రూమ్ వదిలి డబుల్ తీసుకుంటే మాత్రం, పెరిగిన అద్దె ఇద్దరిదీ.

అపోహ: ఒకరికొకరు పంపుకుంటే ట్యాక్స్ పడుతుంది.

భార్యాభర్తల మధ్య ఎంత ఇచ్చినా తీసుకున్నవాళ్ళకు పన్ను లేదు. ఆ డబ్బు ఎఫ్‌డీలో వేస్తే వడ్డీ మాత్రం ఇచ్చినవాళ్ళ ఆదాయంలో కలుస్తుంది. పెళ్ళి కానివాళ్ళ సంగతి వేరు: ఏడాదిలో ఊరికే ఇచ్చింది 50,000 దాటితే మొత్తం పన్ను లెక్కలోకి వస్తుంది. ఖర్చులో వాటా ఊరికే ఇచ్చింది కాదు, అందుకే యూపీఐలో పంపేటప్పుడు "మార్చి గ్యాస్, కరెంటు వాటా" అని రాయండి. వేర్వేరు అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళు పాత పన్ను విధానంలో ఎవరి అద్దెకు వాళ్ళు హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు అడగొచ్చు, కొత్త విధానంలో అది లేదు.

అపోహ: జాయింట్ అకౌంట్ తెరిస్తే అన్నీ సర్దుకుంటాయి.

అది "ఐదర్ ఆర్ సర్వైవర్" రకం జాయింట్ ఖాతా అయితే, అందులోంచి ఇద్దరిలో ఎవరైనా మొత్తం తీసుకోవచ్చు. నెల వాటాలు మాత్రమే అందులో వేయండి, జీతాలు వద్దు.

అపోహ: ఇంటి ఓనరుకు ఇచ్చే అడ్వాన్స్ కూడా ఖర్చే.

కాదు, అది తిరిగొచ్చే డబ్బు. బెంగళూరులో ఐదారు నెలల అద్దె, కొన్నిచోట్ల పది నెలలది కూడా అడుగుతారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకోవడం మామూలే. ఎవరు ఎంత ఇచ్చారో రాసుకోకపోతే, రెండేళ్ళ తర్వాత అగ్రిమెంట్‌లో పేరున్నవాళ్ళ ఖాతాలోనే మొత్తం పడుతుంది. ఈ నెలాఖరుకు ఇల్లు మారేవాళ్ళు ఇవాళే అడ్వాన్స్ ఇచ్చిన నాటి పాత బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి.