బెల్లం ముక్కలో 15 సెంట్ల నేల

శ్రీకాకుళం

చిరంజీవులు చిన్నీకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న చిన్నీ ఫోన్లో ఒక ప్రశ్న అడిగింది. జింక్ ఆక్సైడ్ నానో కణాలు బ్యాక్టీరియాని చంపుతాయని స్కూల్లో చెప్పారట. చెమటకాయలకి నానమ్మ రాసే గులాబీ రంగు లోషన్ సీసా మీద కూడా జింక్ ఆక్సైడ్ అనే రాసుంది కదా, మరి ఇందులో కొత్తేముంది అని. నేను మొదలుపెట్టేలోగా మీ అమ్మ అన్నానికి పిలిచేసింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను, బుజ్జికి కూడా చదివి వినిపించు.

నువ్వు చూసింది నిజమే తల్లీ. రెండూ ఒకటే పదార్థం. తేడా అంతా సైజులో ఉంది.

ఎటు కొలిచినా సెంటీమీటరు ఉండే బెల్లం ముక్క ఒకటి తీసుకోండి. ఆరు ముఖాలూ కలిపితే 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని సగానికి కోస్తే అప్పటిదాకా లోపలున్న బెల్లం రెండు కొత్త ముఖాలై బయటపడుతుంది. అలా కోస్తూ కోస్తూ ఒక్కో ముక్క 10 నానోమీటర్లకి వచ్చేదాకా కోశామనుకోండి. నానోమీటరంటే మీటరులో 100 కోట్లో వంతు. ఇప్పుడు ముక్కలన్నిటి ముఖాలూ కూడితే 600 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 15 సెంట్లు! మన వీధిలో అయితే మూడు ఇళ్లు లేస్తాయి. బెల్లం మాత్రం గ్రాము కూడా పెరగలేదు. కావాలంటే కాగితం మీద లెక్క వేసి చూడండి, నేను రెండుసార్లు వేశాను.

ఒక పదార్థం ఇంకోదాన్ని తాకేది పైభాగంతోనే. అందుకే 100 నానోమీటర్ల లోపుకి వచ్చేసరికి అదే జింక్ ఆక్సైడ్ చురుకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. విరేచనాలు తెప్పించే రకాలున్న ఈ.కోలి బ్యాక్టీరియా పొడవు సుమారు 2,000 నానోమీటర్లు. అది ఆర్టీసీ బస్సంత ఉందనుకుంటే, 20 నానోమీటర్ల కణం ఉద్దానం కొబ్బరికాయంత. అలాంటివి వందలకొద్దీ వచ్చి బస్సుకి అంటుకుంటాయి.

అంటుకున్న చోట బ్యాక్టీరియా పైపొర దెబ్బతింటుంది. కణం నుంచి కొద్దికొద్దిగా కరిగిన జింక్, లేదా కాపర్ ఆక్సైడ్ అయితే రాగి, లోపలికి చేరి దాని ప్రొటీన్లకి పట్టుకుంటుంది. ఇవి కాక, కణం పైభాగాన హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పుడతాయి. మోకాలు చెక్కుకుపోయినప్పుడు కాంపౌండర్ పోస్తే నురగొచ్చే మందు ఉంటుందే, అదే. అది బ్యాక్టీరియా డీఎన్‌ఏని కూడా వదలదు. ఇలాంటిదే ఇంకో లోహపు ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్‌కి మాత్రం ఈ పని చేయడానికి వెలుతురు కావాలి. వెలుగు పడితే అది నీటిని విడగొట్టగలదని 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా చూపించారు. అలాగే వెలుగులో బ్యాక్టీరియాని కూడా చంపుతుందని 1985లో జపాన్ వాళ్లే తేల్చారు.

ఇదంతా నాకెందుకు ఇంత పట్టింపో చెప్పాలి. నేను ల్యాబ్‌లో పని చేసే రోజుల్లో మా నాన్నకి, అంటే మీ ముత్తాతకి, షుగర్ వల్ల మడమ దగ్గర పుండు పడింది. అందులో ఏ బ్యాక్టీరియా ఉందో తెలియడానికి చీముని ప్లేటులో పెంచే కల్చర్‌కి పెట్టింది నేనే. మర్నాడు పొద్దున్న ఇంక్యుబేటర్ తలుపు తీయగానే ద్రాక్షపళ్ల వాసన గుప్పుమంది. ప్లేటంతా ఆకుపచ్చగా ఉంది. సూడోమొనాస్ అనే మొండి బ్యాక్టీరియా! దాన్ని కొత్త ప్లేటు మీద పూసి, ఒక్కోటి ఒక్కో మందులో తడిపిన కాగితం బిళ్లలు ఆరు పెట్టాను. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగకుండా గుండ్రంగా ఖాళీ జాగా మిగులుతుంది. దాన్ని జోన్ అంటాం, స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తాం. మర్నాటికి ఐదు బిళ్లల అంచుదాకా ఆకుపచ్చగా నిండిపోయింది. ఆరోదాని చుట్టూ మాత్రం జోన్ ఉంది. స్కేలు పట్టుకున్న చెయ్యి వణికింది. ఆ ఒక్క మందుతోనే నాన్న కాలు నిలిచింది.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలు నడిపిన ల్యాబ్ నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. అప్పటినుంచి ఎన్ని యాంటీబయాటిక్స్ వచ్చాయో! ఒక్కోదానికీ బ్యాక్టీరియా ఏదో ఒక విరుగుడు కనిపెట్టుకుంటూనే ఉంది. నానో కణాలు ఒకేసారి నాలుగు వైపులా కొడతాయి కాబట్టి తప్పించుకోవడం కష్టం. కష్టమే గానీ అసాధ్యం కాదు, లోహాన్ని బయటికి తోసేసే బ్యాక్టీరియా కూడా ఉంది.

ఇంకో సంగతి. ప్లేటులో జోన్ వచ్చినంత మాత్రాన అది మందైపోదు. ఈ నానో కణాలకి మన ఒంట్లోని జీవకణం, బ్యాక్టీరియా అనే తేడా అంతగా తెలియదు. ఎక్కువైతే రెండిటినీ పాడు చేస్తాయి. కాలవలో పడి నాగావళిలో కలిస్తే నాచుకీ చేపలకీ ముప్పే. అందుకే పుండు మీద కట్టే గుడ్డకి, ఆసుపత్రి గొట్టాలకి పూతగా వాడే పరిశోధనలు చూస్తే నాకు ఆశ కలుగుతుంది. "నానో" అని రాసి అమ్మే ప్రతి డబ్బానీ మాత్రం నమ్మను.

నానమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మన జిల్లా బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి బిందె గుర్తుందా? ఇత్తడంటే రాగి, జింక్ కలిసిందే. ఇత్తడి పాత్రల్లో ఈ.కోలి కలిపిన నీళ్లు పోసి పరీక్షిస్తే 48 గంటల్లో అది కనపడకుండా పోయిందని 2005లో ఒక పరిశోధన వచ్చింది. అక్కడ పని చేసింది నానో పొడి కాదు, నీళ్లలోకి దిగిన రవ్వంత లోహం. అలాగని మజ్జిగ, చారు అందులో పోయకూడదు. పులుపుకి లోహం ఎక్కువగా కరిగి చిలుము పడుతుంది. అందుకే వెనక కలాయి పూయించేవారు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ బిందెని చింతపండుతో మీరే తోముదురుగాని. సగం తోమి సగం వదిలేయండి. గాలికి లోహం మీద పేరుకున్న నల్లటి పొర ఎక్కడ ఆగిందో, కింద పచ్చటి ఇత్తడి ఎక్కడ మొదలైందో భూతద్దంలో చూపిస్తాను. భూతద్దం తుడిచి పెట్టాను.

మీ తాతయ్య