పడిన చెట్టు కోతమిల్లుకా, పొయ్యిలోకా? మనవలకు ఒక ఉత్తరం

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో మీరు అడిగింది చిన్న ప్రశ్నే గానీ, జవాబు ఫోన్లో చెప్పేంత చిన్నది కాదు. "గాలివానకు చెట్లు ఎలాగూ పడిపోయాయి కదా తాతయ్యా, కట్టెలవాళ్ళకి ఇచ్చేస్తే ఒక్కరోజులో తోట ఖాళీ అయిపోతుంది, డబ్బులూ వస్తాయి. ఇంకా దేనికి ఆగారు?" అన్నారు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి. రేపు ఈ తోట చూసుకోవలసింది మీరే.

పడ్డవి ఏమిటో ముందు చెప్తాను. పెరట్లో పెద్ద పనస, గట్టు మీద వేప, రెండు మామిడి చెట్లు, కొన్ని జీడి, కొన్ని కొబ్బరి. వీటన్నిటినీ కలిపి గుత్తగా ఇంత అని ఒక షావుకారు బేరం పెట్టాడు. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే ఎనిమిదడుగుల మానుని ఎప్పుడు కావాలంటే అప్పుడు పొయ్యికట్టె చేసుకోవచ్చు. ఒకసారి అడుగున్నర ముక్కలు చేశాక, దాంతో ద్వారబంధం చేయమని ఏ వడ్రంగినీ అడగలేం. వెనక్కి తీసుకోలేని పనిని ఆఖర్న చేయాలి. మొదట్లోనే చేసేస్తే ఇక ఆలోచించడానికి ఏమీ మిగలదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీరు బాగా చిన్నవాళ్ళు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలకు తోటలే నేలకొరిగాయి. చాలా ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే కోతమిల్లు తిరగదు. దారులకు అడ్డంగా చెట్లు, ఇళ్ళ మీద చెట్లు. ఎలాగోలా తీసేస్తే చాలు దేవుడా అన్నట్టుండేది. అమ్మేవాళ్ళు ఊరంతా, కొనేవాళ్ళు ఒకరిద్దరు. లారీ తెచ్చినవాళ్ళు ఎంతంటే అంత. తాతల నాటి పనస మానులు ముక్కలై కట్టెల లెక్కన పోయాయి. అలా ఇచ్చేసినవాళ్ళను నేను తప్పు పట్టను. ఇంటి కప్పు ఎగిరిపోయిన మనిషి కలప ఆరబెట్టుకుంటూ కూర్చోలేడు కదా. కానీ ఈసారి మనకు ఆ కష్టం లేదు. ఇల్లు నిలబడింది, కరెంటు వచ్చింది, మిల్లు నడుస్తోంది. ఆలోచించుకునే వీలుండి కూడా ఆలోచించకపోతే ఆ చెట్టుకి అన్యాయం చేసినట్టే.

ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. సెలవులకు రాగానే మీరు ఆ చెట్ల మీదకి ఎక్కేస్తారని నాకు తెలుసు. వేళ్ళతో సహా పెకలించుకుని పడిన చెట్టు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది గానీ, దాంట్లో చాలా బిగువు ఉంటుంది. మానుని కోసి విడదీయగానే, మట్టితో సహా పైకి లేచిన వేళ్ళ గడ్డ ఒక్కసారిగా గుంటలోకి తిరిగి పడొచ్చు. ఆ గుంటలో ఎవరైనా ఉంటే ఇక చెప్పడానికి ఏమీ లేదు. నేలకి ఆని వంగి ఉన్న కొమ్మ కూడా అంతే, రంపం పడగానే ఎటు కొడుతుందో తెలియదు. అందుకే రంపం మెషిన్ పని అలవాటున్న మనుషులకే అప్పజెప్పాను. వాళ్ళు పని ముగించేదాకా మీరిద్దరూ అరుగు దిగకూడదు.

ఇప్పుడు అసలు విషయం. ఒక చెట్టు మొత్తాన్ని కలప అనీ అనలేం, కట్టె అనీ అనలేం. మాను ఒక రకం, కొమ్మలు ఇంకో రకం. తిన్నగా ఎదిగిన మాను కోస్తే పలక కూడా తిన్నగా వస్తుంది. పక్కకి వాలి పెరిగిన కొమ్మ ఎంత లావుగా ఉన్నా, తన బరువు తనే మోసుకుంటూ పెరిగింది కాబట్టి దాని నార ఒకవైపు బిగుసుకుపోయి ఉంటుంది. కోసి ఆరబెడితే పలక వంకర తిరుగుతుంది. అందుకని లావు చూసి మోసపోకూడదు.

నేను పనస మాను దగ్గర కూర్చుని ఏం చూశానో చెప్తాను. ముందు గొడ్డలి మడమతో మొదటి నుంచి చివరిదాకా కొట్టుకుంటూ వెళ్ళాను. గట్టి చెక్క ఉన్నచోట శబ్దం ఖణీమంటుంది. లోపల డొల్ల ఉంటే డప్పులా మోగుతుంది. మన పనస మొదట్లో రెండడుగుల మేర డొల్ల. అక్కడి నుంచి పైకి తొమ్మిది, పది అడుగుల దాకా శుభ్రంగా ఉంది. కోసిన చోట చూస్తే బయట చుట్టూ తెల్లచెక్క, లోపల పసుపు పచ్చటి చేవ. ఈ చేవ ఉంది చూశారూ, చెట్టు విలువంతా దాంట్లోనే. తెల్లచెక్కకి పురుగు తొందరగా పడుతుంది. పనస చేవకి చెదలు అంత సులువుగా పట్టవు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పసుపు ముదిరి గోధుమ రంగులోకి తిరుగుతుంది. మన ఇంటి పాత తలుపులు ఆ రంగులో ఉండడానికి కారణం అదే. వాటికి ఎవరూ రంగు వేయలేదు.

తరవాత మేకులు. ఇంటి దగ్గర పెరిగిన చెట్టుకి ఎప్పుడో ఎవరో ఒకరు మేకు కొట్టే ఉంటారు, బట్టల తీగకో, పశువుల గొలుసుకో. చెట్టు పెరుగుతూ ఆ మేకుని లోపలికి మింగేస్తుంది. పైకి ఏమీ కనపడదు. మిల్లులో రంపం బ్లేడు ఆ ఇనుముకి తగిలితే పళ్ళు ఊడతాయి, కోసే మనిషికి ప్రమాదం. అందుకే మిల్లువాళ్ళు రోడ్డు పక్క చెట్లంటే వెనకాడతారు. మన వేప మానుకి ఇదివరకు కరెంటు బల్బు కోసం కొట్టిన మేకులు ఉన్నాయి. ఆ భాగం వరకు విడదీసి కట్టెల్లో వేస్తున్నాం. మిగతాది మిల్లుకి.

ఇక కొలత. దీన్ని మీరు నేర్చుకుని తీరాలి, ఎందుకంటే చాలామంది రైతులు మోసపోయేది ఇక్కడే. దుంగ నడిమి భాగంలో టేపుతో చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోవాలి. దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించాలి. పొడవు ఎన్ని అడుగులో దాంతో మళ్ళీ గుణించి, 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. మిల్లులో అందరూ సీఎఫ్టీ అంటారు. మన పనస దుంగ చుట్టుకొలత 60 అంగుళాలు, పొడవు 8 అడుగులు. 60ని నాలుగుతో భాగిస్తే 15. పదిహేను పదిహేన్లు 225. ఇంటూ 8, 1800. దాన్ని 144తో భాగిస్తే పన్నెండున్నర. మీరు బడిలో నేర్చుకున్న వృత్తం లెక్క ప్రకారం చేస్తే దాదాపు 16 వస్తుంది. తేడా ఎందుకంటే, గుండ్రటి దుంగని చదరం చేసేటప్పుడు చుట్టూ పోయే చెక్కని ఈ పాత పద్ధతి ముందే తీసేస్తుంది. ఇది మోసం కాదు, వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉన్న కొలత. మోసం ఎక్కడంటే, టేపు పట్టుకునే చోట. సన్నంగా ఉన్న చివర కొలిచి అదే నడుము అంటారు. టేపు మీ చేతిలో ఉండాలి.

రేట్లు ఊరూరికీ మారతాయి, కాబట్టి లెక్క ఎలా నడుస్తుందో చూపించడానికి మాత్రం నేను ఊహించి గుండ్రటి అంకెలు వేస్తాను. ఈ దుంగ పచ్చిగా దాదాపు 400 కేజీలు తూగుతుంది. కట్టెగా కేజీ 3 రూపాయలు అనుకుంటే 1,200. అదే మిల్లుకి తోలితే, వృత్తం లెక్కన వచ్చిన 16 సీఎఫ్టీలో సగం పలకలుగా వస్తుంది, అంటే సుమారు 8 సీఎఫ్టీ. పనస పలక సీఎఫ్టీ 1,000 అనుకుందాం, 8,000. ట్రాక్టరుకి 1,500, కోతకూలి 1,250 తీసేస్తే 5,250 మిగులుతుంది. పైగా మిగతా సగం ఎక్కడికీ పోదు. బెరడుతో ఉన్న పక్క చెక్కలు మళ్ళీ పొయ్యికట్టెలే. రంపప్పొట్టు కూడా మంటకే. మా చిన్నప్పుడు ఇళ్ళలో పొట్టుపొయ్యిలు ఉండేవి, ఒకసారి కూరి వెలిగిస్తే పూట వంట అయిపోయేది.

ఇప్పుడు అదే లెక్క ఒక కొమ్మకి వేయండి. చుట్టుకొలత 24 అంగుళాలు, పొడవు 5 అడుగులు. సీఎఫ్టీ ఒకటింపావు. ఆ సన్న కొమ్మలో తెల్లచెక్కే ఎక్కువ, వంకర కూడా. అలాంటివాటి కోసం ట్రాక్టరు కడితే బాడుగకే చాలదు. అది కట్టే. దాన్ని బలవంతంగా కలప చేయాలనుకోవడం కూడా తెలివితక్కువే. నేను కలప పక్షం వాణ్ణి అనుకోకండి. కొమ్మని కొమ్మలా, మానుని మానులా చూడమంటున్నాను, అంతే.

మామిడి సంగతి వేరు. మామిడిలో చేవ, తెల్లచెక్క అని తేడా పెద్దగా కనపడదు. పడిన కొద్ది రోజులకే దుంగ మీద నల్లటి, నీలపు చారలు పాకుతాయి, సన్నటి పురుగు రంధ్రాలు మొదలవుతాయి. కాబట్టి మామిడిని కోయించాలనుకుంటే వెంటనే కోయించాలి. నెలలు నాన్చితే చివరికి కట్టెగానే పోతుంది. కోసినా అది పెట్టెలకి, సెంట్రింగు చెక్కలకి పనికొస్తుంది గానీ గుమ్మానికి పెట్టం. మన రెండు మామిళ్ళలో ఒకటి తిన్నగా ఉంది, దాన్ని రేపు తోలిస్తున్నాను. రెండోది మెలి తిరిగింది, కట్టెలకే. జీడి చెక్క మెత్తన, తొందరగా పుచ్చిపోతుంది. మొత్తం పొయ్యికే.

కొబ్బరి గురించి మీరు అడగలేదు గానీ దాని పని అన్నిటికంటే ముందు తేల్చాలి. కొబ్బరి మానుకి బయట గట్టి, లోపల మెత్తన, అన్ని చెట్లలాగా కోసే చెక్క కాదు. పొయ్యికీ అంత బాగుండదు. కానీ దాన్ని తోటలోనే కుళ్ళనిస్తే కొమ్ము పురుగు అందులో గుడ్లు పెడుతుంది. అక్కడ పుట్టిన పురుగులే రేపు నిలబడి ఉన్న చెట్ల మొవ్వుల్ని తొలిచేస్తాయి. తుపానులో బతికిన చెట్టు, పక్కన పడిన చెట్టు వల్ల చావకూడదు కదా. బయటి గట్టి భాగం పాకలకి నిట్రాళ్ళుగా కొంత తీసుకుని, మిగతాది వీలైనంత త్వరగా తోట దాటించేస్తున్నాం.

మిల్లు నుంచి పలకలు రాగానే పని అయిపోదు. అసలు ఓపిక అక్కడే కావాలి. చెక్కలో తడి పక్కల నుంచి కంటే చివరల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. చివరలు ముందే ఆరిపోతే నెర్రెలు పడతాయి. అందుకే కోసిన రోజే రెండు చివరలకీ పాత పెయింటు పూస్తాను. తరవాత నేలకి ఎత్తులో దిమ్మెలు వేసి, పలకకీ పలకకీ మధ్య ఒకే మందం బద్దలు పెట్టి, గాలి ఆడేలా నీడలో పేర్చాలి. ఆ బద్దలు పైనుంచి కిందకి ఒకే వరసలో ఉండాలి. ఒకటి పక్కకి జరిగినా పలక అక్కడ వంగుతుంది. పైన బరువు పెట్టాలి. ఎండలో పెడితే త్వరగా ఆరుతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినొద్దు. ఒక్క వేసవి ఎండకి పలక దోసకాయ బద్దలా ముడుచుకుపోతుంది. నీడలో నెలల తరబడి ఆరాలి.

పనస పలకల్లో కొన్ని మీ నాన్న కట్టబోయే ఇంటి గుమ్మానికి. ఇంకో మాట కూడా మనసులో ఉంది. మన పక్క జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేది పనస మానుతోనే. అక్కడి ఏకాండి వీణ, అతుకు లేకుండా ఒకే మానులోంచి తొలిచి తీసేది. అలాంటి పనికి పలకలు కాదు, దుంగ దుంగలాగే కావాలి. అందుకే ఆ తొమ్మిది, పది అడుగుల మానులో బాగున్న ఒక ముక్కని ఇంకా కోయించలేదు. వాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందేమో కనుక్కుంటున్నాను. పనికొస్తే ధర కొంచెం తగ్గినా ఇచ్చేస్తాను.

కట్టెల్ని చిన్నచూపు చూడకండి. 1999లో దీపం పథకం, తరవాత ఉజ్వల, ఇంటింటికీ గ్యాసు వచ్చి పొయ్యికట్టెల అవసరం తగ్గిన మాట నిజమే. అయినా పెళ్ళివంటకి, ఇటుక బట్టీకి, ఆఖరికి శ్మశానానికి కట్టె కావాలి. కాకపోతే దాన్నీ సరిగ్గా అమ్మాలి. పచ్చికట్టె తూకం ఎక్కువ, ధర తక్కువ, మండిస్తే పొగ. చీల్చి ఎండబెడితే తూకం బాగా తగ్గుతుంది, రేటు పెరుగుతుంది. అప్పుడు ఏది లాభమో లెక్క కట్టి చూసుకోవాలి. మనకి చోటు ఉంది కాబట్టి చీల్పించి ఆరబెట్టే అమ్ముతాను. మన వీధిలో ఇంకా కట్టెలపొయ్యి మీద వండుకునే ఇద్దరు ముసలమ్మలకి కొంత పక్కన పెట్టమని మీ మామ్మ ముందే చెప్పింది.

కాగితాల పని కూడా ఉంది. మన రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం సొంత భూమిలో చెట్టు నరకాలన్నా అనుమతి అడగాలి. సరుగుడు, నీలగిరి లాంటి కొన్ని జాతులకి మినహాయింపులు ఉన్నాయి. మనం నరకలేదు, గాలికి పడ్డాయి. అయినా చెట్లు పడిన చోటే ఫొటోలు తీయించి, అటవీశాఖ ఆఫీసులో అర్జీ ఇచ్చి వచ్చాను. దుంగలు దారిలో ఎవరైనా ఆపి అడిగితే చూపించడానికి ట్రాక్టరు మనిషి చేతిలో కాగితం ఉండాలి. షావుకారు "అవన్నీ నేను చూసుకుంటా" అన్నాడు. చెట్టు మనది, జవాబుదారీ మనదే.

వేప దుంగ లెక్క మాత్రం నేను కట్టలేదు, మీకోసం ఉంచాను. నడుము చుట్టుకొలత 52 అంగుళాలు, మేకుల భాగం తీసేయగా పొడవు 9 అడుగులు. ఎన్ని సీఎఫ్టీ వస్తుందో ఇద్దరూ విడివిడిగా కట్టి, ఇద్దరి జవాబూ ఒకటే అయితే ఆదివారం లోపల నాకు ఫోన్ చేయండి. సోమవారం మిల్లుకి వెళ్తున్నాను.

మీ తాతయ్య